అవ్వతో స్నేహం తప్పు కాదు, ఆమె కడియాలు మాత్రం తిరిగి ఇచ్చేయండి

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. నా వయసు 26, కథలు రాస్తుంటాను. మా వాడకట్టులో 85 ఏళ్ల అవ్వ ఉంది. డిమెన్షియా అని డాక్టర్ చెప్పారు. పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు గానీ, చిన్నప్పుడు రజాకార్ల భయానికి చెలకల్లో దాక్కున్న రాత్రులు, సంఘం పాటలు పూస గుచ్చినట్టు చెబుతుంది. ఒక్కోసారి నన్ను చనిపోయిన తన చెల్లెలనుకుంటుంది. ఆమె మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పుస్తకం రాస్తున్నాను. మొన్న తన వెండి కడియాలు నా చేతిలో పెట్టి, తన పేరు మీదున్న పది గుంటలు కూడా నీకే రాస్తానంది. హైదరాబాద్‌లో ఉండే కొడుక్కి ఇది తెలిసి, ఇంకోసారి గడప తొక్కితే పోలీసు కేసు పెడతానన్నాడు. ఆమెను కలవడం తప్పా? పుస్తకం వేయొచ్చా?

జవాబు: అమ్మా, కలవడం తప్పు కాదు. కానీ ముందు ఆ కడియాలు ఈ వారంలోనే తిరిగి ఇచ్చేయండి. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల ముందు కొడుకు చేతికి ఇచ్చి, అందినట్టు కాగితం రాయించుకోండి. ఆమె ప్రేమతోనే ఇచ్చింది, మీరు అడగలేదు, నేను నమ్ముతాను. కోర్టు మాత్రం లాభం ఎవరికి చేరిందో చూస్తుంది. వయసు వల్లనో జబ్బు వల్లనో మనసు బలహీనపడిన మనిషితో చేసుకున్న ఒప్పందాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ అనుమానంగానే చూస్తుంది. ఒత్తిడి చేయలేదని నిరూపించుకునే భారం మీ మీద పడొచ్చు.

పది గుంటల సంగతి ఇంకా గట్టిగా చెబుతున్నాను. ఆమెను వెంటబెట్టుకుని ఏ డాక్యుమెంట్ రైటర్ దగ్గరికీ వెళ్లకండి. భూమిని దానంగా ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. రెండింటికీ రాసే వేళ మతి స్థిమితంగా ఉండాలి. స్థిమితంగా ఉన్న వేళ రాసిన కాగితం చెల్లుతుందని చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. కానీ లాభం పొందే మనిషే దగ్గరుండి రాయించిన వీలునామా మీద అనుమానాలన్నీ ఆ మనిషే తీర్చాలని సుప్రీంకోర్టు 1959లోనే, వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. కొడుకు ఆసుపత్రి కాగితాలు తెచ్చి ముందు పెడితే మీరేం చెబుతారు? అందుకే ఆ భూమి మాట ఆమె ఎత్తినా మీరు వద్దనే చెప్పండి.

ఇక కొడుకు కూడా తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. డిమెన్షియా అని డాక్టర్ రాసినంత మాత్రాన తల్లి ఇష్టాయిష్టాలకు విలువ లేకుండా పోదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 3వ సెక్షన్ ప్రకారం, జబ్బు ఉందని తేలడం ఒక్కటే మతి లేదనడానికి సరిపోదు, సమర్థ న్యాయస్థానం ప్రకటించాలి. కొడుకైనంత మాత్రాన పెద్దవయసు తల్లికి చట్టప్రకారం గార్డియన్ కూడా అయిపోడు. ఇలాంటివాళ్లకు హైకోర్టులే రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద గార్డియన్‌ను నియమిస్తున్నాయి. కోమాలో ఉన్నవాళ్లకు గార్డియన్‌ను నియమించడంపై కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాబట్టి ఈ పిల్ల వస్తే నాకు మంచిగుంటది అని అవ్వ అంటే ఆ మాటకు బరువుంది. అయితే ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. ఆమె పేరు మీద ఉంటే మీ పక్షం బలంగా ఉంటుంది. కొడుకు పేరు మీద ఉండి అతను వద్దంటే లోపలికి వెళ్లకండి.

అవ్వకు తిండి పెట్టకపోయినా, గదిలో పెట్టి తాళం వేసినా మాత్రం ఊరుకోవద్దు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు చెప్పండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007 కింద ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ ఇలాంటివి తనంతట తానే విచారణకు తీసుకోవచ్చు.

పుస్తకం దగ్గర మీకు స్వేచ్ఛ ఉంది, హద్దూ ఉంది. జరిగిన సంగతులు ఎవరి సొత్తూ కాదు. మీ కథనం మీది. కానీ ఒకరి సొంత జీవితం గురించి, నిజమే అయినా, వారి సమ్మతి లేకుండా ప్రచురించకూడదని 1994లో ఆటో శంకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని తేరుకున్న వేళ ఆమెనే అడగండి, ఆ మాట రికార్డు చేయండి. ఒక్కసారి అడిగి వదిలేయకండి, మరో రోజు మళ్లీ అడగండి. పేరు, ఊరు మార్చండి. జబ్బు గురించి, కొడుకుతో గొడవల గురించి ఆమె చెప్పినవి పుస్తకంలోకి తేవద్దు. అవి పరువు నష్టం కేసుకు దారి తీస్తాయి. పైగా అవి మిమ్మల్ని చెల్లెలనుకుని చెప్పుకున్న మాటలు. సంఘం పాటల్లో కొన్ని ఎవరు కట్టారో తెలిసినవే. రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, పాట మొత్తం అచ్చువేసే ముందు వాకబు చేయండి.

పోలీసు కేసు అన్నాడని టెన్షన్ పడకండి. కడియాలు ఇచ్చిన కాగితం మీ దగ్గరుంటే మోసం కేసు నిలవడం కష్టం. సాక్షిగా విచారించాలంటే మహిళను స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఆమె ఉండే చోటికి రావాలి. ఈలోగా నల్గొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఫోన్ నంబరు 15100. కొడుకును కూడా పిలిపించి మాట్లాడమని అడగండి. వారంలో ఏ రోజు, ఏ వేళ మీరు రావచ్చో, ఇంట్లో ఎవరు ఉండగా రావాలో అక్కడే రాయించుకోండి.