ఆ తారీఖు డాక్టర్ రాతలో ఉండాలి

చి. మాధవికి, పిన్ని ఆశీస్సులు.

ఫ్లూ టీకా తర్వాత భుజం పట్టేసిందనీ, పరిహారం కోసం కేసు వేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ ధైర్యానికి మురిసిపోయాను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

ఇది ఫార్మసీ మీద వేసే దావా కాదు. టీకాల వల్ల గాయపడ్డవాళ్లకు పరిహారం ఇవ్వడానికి అమెరికాలో 1986 చట్టం కింద వచ్చిన పథకం. ఎదుటి పక్షం అమెరికా ఆరోగ్య శాఖ, తీర్పు చెప్పేది వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో స్పెషల్ మాస్టర్, అంటే ఈ కేసులు విని తేల్చే న్యాయాధికారి. ఈ కేసులే చేసే లాయర్ని పట్టుకో. సరైన ఆధారంతో వేసిన కేసైతే ఓడిపోయినా లాయర్ ఫీజు ఆ పథకమే ఇస్తుంది.

నా భయమంతా నీ మెడికల్ రికార్డు గురించే. మీ బాబాయికి టెటనస్ టీకా వేసిన రాత్రే ఎడమ భుజం సలపడం మొదలైంది. సీటు బెల్టు కుడిచేత్తో లాక్కునేవారు. చొక్కా నేనే తొడిగేదాన్ని. తీరా డాక్టర్ ‘ఎప్పటి నుంచి?’ అని అడిగితే ‘ఏదో, కొన్ని వారాలుగా’ అన్నారు. టీకా మాటే ఎత్తలేదు! ఆవిడ అదే రాసుకుంది. కేసులో ఎదుటి పక్షంవాళ్లు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని కూర్చున్నారు. 2017లో టీకా వేయడం వల్ల అయ్యే ఈ భుజం గాయాన్ని, అదే సిర్వాను, ఈ పథకం కింద గుర్తించే గాయాల పట్టికలో చేర్చారు. దాని ప్రకారం టీకా వేసిన 48 గంటల్లోపు నొప్పి మొదలవ్వాలి. ఆ భుజానికి అంతకుముందు నొప్పి ఉండకూడదు. నొప్పీ, చెయ్యి లేవకపోవడమూ ఆ ఒక్క భుజానికే ఉండాలి. మన నోటిమాట ఒక్కటే చెల్లదు. ఆ రాత్రి నేను చూసినదంతా అఫిడవిట్‌గా రాసిచ్చి, తర్వాతి రికార్డులన్నీ వెతికి జతచేశాక గానీ ఆయన గట్టెక్కలేదు.

నువ్వూ ఆయన పోలికే. చిన్నప్పుడు జారుడుబల్ల మీంచి పడి మణికట్టు విరిగితే, రాత్రి అన్నం కలపలేక ఏడ్చేదాకా నోరు విప్పలేదు. డాక్టర్ దగ్గర ఆ మొహమాటం పనికిరాదు. టీకా ఏ రోజు, ఏ చేతికి, నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పి, రాసుకున్నారో లేదో చూసుకో తల్లీ.

మొదటి నొప్పి నుంచి మూడేళ్లలోపు కేసు వెయ్యాలి. బాధ ఆరు నెలలు దాటి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ జరిగి ఉండాలి. నొప్పికీ వేదనకూ ఇచ్చేది 2,50,000 డాలర్లు మించదు, అంతా వస్తుందనుకోకు. మీ ఆఫీసు అమ్మాయిది కోవిడ్ టీకా అటగా, ఆమెది వేరే పథకం. గడువు టీకా వేసిన రోజు నుంచి ఏడాదే, త్వరపడమను.

ఫిజికల్ థెరపీ మానకు. బాబును ఆ చేత్తో ఎత్తకు. వచ్చే వారం నేను వస్తున్నాను, కాగితాలన్నీ ఒకచోట పెట్టి ఉంచు.

మీ పిన్ని