టెక్ సందేహాలు: పాతదైపోయింది, పారేయమంటారా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి తోక ఒకటే: "పాతదైపోయింది సార్, మార్చేయమంటారా?" కంప్యూటరు పాతది, స్టార్టరు పాతది, చివరికి రాకెట్లో చిప్పు కూడా పాతదేనట. నాది రిపేరు బుద్ధి. ముందు స్క్రూడ్రైవరు తీస్తాను, పర్సు ఆ తర్వాతే. అది తెలిసే అడుగుతున్నారనుకుని మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మాది కావలిలో డీటీపీ, జిరాక్సు షాపు. ఆరో తరం ఐ3 కంప్యూటరు, విండోస్ 10. సపోర్టు అయిపోయిందని తెర మీద మాటిమాటికీ మెసేజీ వస్తోంది. విండోస్ 11 ఎక్కదంటున్నారు. లైనక్స్ వేసుకోమని మా మేనల్లుడు పోరు పెడుతున్నాడు. ఏం చేయమంటారు?

మెసేజీలో అబద్ధమేమీ లేదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన కంప్యూటరు ఆగిపోదు. కొత్తగా బయటపడే కన్నాలకు మైక్రోసాఫ్ట్ ఇక మాట్లు వేయదు, అంతే. షట్టరు తాళం చెడిన షాపులో బేరం పగలంతా మామూలుగానే నడుస్తుంది, రాత్రే నిద్ర పట్టదు. ఇదీ అలాంటిదే.

మామూలు వాడకందార్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే 'ఎన్‌రోల్ నౌ' అని కనబడుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి, మీ సెట్టింగులను వాళ్ల క్లౌడ్‌లో దాచుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. అది నచ్చకపోతే 30 డాలర్లు కట్టాలి. నేనైతే ఒప్పుకునేవాణ్ణే. డీటీపీ షాపు సెట్టింగుల్లో దాచాల్సిన రహస్యాలేముంటాయి?

విండోస్ 11 ఎక్కదన్నదీ నిజమే. ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం, ఆ పైన వచ్చిన ప్రాసెసర్లనే అది ఒప్పుకుంటుంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మీ ఐ3కి చేతకాక కాదు, గేటు దగ్గర వయసు అడిగి ఆపేస్తున్నారు. నిక్షేపంగా పనిచేసే ఇన్ని కంప్యూటర్లను ఒక్క రూలుతో పాత సామాను చేయడం నాకు ససేమిరా నచ్చలేదు. దొడ్డిదారిన ఎక్కించే చిట్కాలు ఉన్నాయి. కానీ అలా ఎక్కించిన మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అన్నం పెట్టే మెషీను మీద ప్రయోగాలు వద్దు.

ఇక మేనల్లుడి సంగతి. అబ్బాయి మాట తీసిపారేసేది కాదు. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ అనే హెల్సింకీ విద్యార్థి, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్‌లా కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు) రాసుకుంటున్నానని లోకానికి చెప్పాడు. అదే లైనక్స్. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని కడుపులో ఉన్నది ఆ లైనక్సే. పాత కంప్యూటరుకు లైనక్స్‌లో మింట్ అనే రకం వేసి చూస్తే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. కానీ మీరు పెళ్లి పత్రికలు కొట్టేది పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరులో, అను అనే తెలుగు ఫాంట్లతో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరు వెర్షన్. అడోబీ దాన్ని ఎప్పుడో గాలికొదిలేసింది, మన వైపు మాత్రం ఇప్పటికీ అది లేకుండా మూడు ముళ్లూ పడవు. అది లైనక్స్ మీద నేరుగా ఎక్కదు. వైన్ అనే సాఫ్ట్‌వేరు ఆసరాతో ఎక్కించినా తెలుగు కీబోర్డుతో కుస్తీ తప్పదు. ముహూర్తాల సీజన్లో ఆ కుస్తీ మీకెందుకు?

కాబట్టి కాపురాలు వేరు చేయండి. పాత మెషీన్లో పేజ్‌మేకర్ అలాగే ఉంచి నెట్ వైరు పీకేయండి. హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ (చిప్పులతో చేసిన వేగమైన డిస్క్) పెట్టిస్తే ఇంకొన్నేళ్లు పరుగెత్తుతుంది. వాట్సాప్‌లో వచ్చే మ్యాటరు, పరీక్ష ఫీజులు, ఆధార్ ప్రింట్ల లాంటి నెట్ పనులకు ఇంకో మెషీను పెట్టుకోండి. ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్‌ది చాలు, లేదంటే మేనల్లుడి లైనక్స్‌ను అక్కడ ప్రతిష్ఠించండి. రెంటికీ మధ్య ఒకే పెన్‌డ్రైవ్ తిరగాలి, దాన్ని గిరాకీల చేతికి ఇవ్వకండి.

ప్రశ్న: గేమింగ్ పీసీ అసెంబుల్ చేద్దామని డబ్బు కూడబెట్టాను. తీరా కొనబోతే ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. తగ్గేదాకా ఆగనా? (చీమకుర్తి)

ర్యామ్ చిప్పులు పెద్ద ఎత్తున చేసే కంపెనీలు ప్రపంచంలో ప్రధానంగా మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు ఎంతైనా ఇచ్చి కొంటుంటే ఆ ముగ్గురూ అటే మొగ్గారు. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో, మనలాంటి వాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నామని ప్రకటించింది. పెద్ద పెళ్లివారు వచ్చి బజార్లో కూరగాయలన్నీ ఎత్తుకుపోతే ఇంటికి పావుకిలో కొనేవాడికి మిగిలేది పుచ్చులే. కొత్త ఫ్యాక్టరీ లేవాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి వచ్చే నెలకు తగ్గుతుందన్న ఆశ నాకు లేదు.

మీ దగ్గర డీడీఆర్4 (పాత తరం ర్యామ్) పట్టే బోర్డు ఉంటే దాంతోనే ఇంకో రెండేళ్లు లాగండి. ర్యామ్ అరిగిపోయే వస్తువు కాదు, తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు. తెచ్చాక ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి. తెల్లారేసరికి ఒక్క ఎర్ర గీత కనబడినా వెనక్కి ఇచ్చేయండి. డబ్బు సరిపోకపోతే ముందు కోయాల్సింది రంగు లైట్లను. క్యాబినెట్ తిరునాళ్ల ప్రభలా వెలిగినంత మాత్రాన గేమ్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు.

మా రోజుల్లో నెల్లూరు నుంచి పొద్దున పినాకిని రైలెక్కి మద్రాసులో దిగి, ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్ అంతా బేరమాడి, రాత్రికి ఏ బండి దొరికితే ఆ బండిలో మదర్‌బోర్డును చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చేవాళ్లం. ఇంటికొచ్చి స్విచ్ వేస్తే ఒక్క 'బీప్' వినబడేదాకా గుండె దడే. ఇప్పటి పిలకాయలకు కొరియర్ డబ్బా ఇంటికే వస్తుంది, ఆ టెన్షన్ లేదు పాపం.

ప్రశ్న: ఇస్రో గొప్పగా చెప్పిన విక్రమ్ చిప్ 180 నానోమీటర్లదట. మా నాన్న ఫోన్లో చిప్పే 4 నానోమీటర్లు. మనం అంత వెనకబడి ఉన్నామా? (ఇంజినీరింగ్ విద్యార్థి, నెల్లూరు)

శ్రీహరికోట షార్‌లో రాకెట్ లేస్తే మిద్దెలెక్కి చూసే ఊళ్లో పుట్టి ఇలా అడిగావు చూడు, అందుకే దీనికి చోటు ఎక్కువ ఇస్తున్నాను. చిప్పు నిండా ట్రాన్సిస్టర్లు, అంటే కరెంటును ఆపి వదిలే బుల్లి స్విచ్చులు ఉంటాయి. నానోమీటర్ల అంకె ఎంత చిన్నదైతే అవి అంత బుల్లివని స్థూలంగా లెక్క.

నువ్వు చెప్పేది విక్రమ్ 3201 గురించి. 2025 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన చిప్పుల సదస్సు సెమికాన్ ఇండియాలో ప్రధాని చేతికిచ్చారు. 32 బిట్ల ప్రాసెసరు, మొహాలీలోని సెమికండక్టర్ ల్యాబొరేటరీలో తయారైంది. దీని అన్న, 16 బిట్ల విక్రమ్ 1601, 2009 నుంచే మన రాకెట్లలో ఎగురుతోంది. తమ్ముడిని కూడా ఊరికే షోకేసులో పెట్టలేదు. 2024 డిసెంబరు 30 రాత్రి లేచిన పీఎస్ఎల్వీ సీ60లో పైకి పంపి పరీక్షించారు.

రాకెట్ చిప్పుకు రీల్స్ చూపించే పని లేదు. మైనస్ 55 డిగ్రీల నుంచి 125 డిగ్రీల దాకా వేడిలో, చలిలో, అదురులో లెక్క తప్పకుండా చెప్పడమే దాని ఉద్యోగం. పైన అంతరిక్షంలో రేడియేషన్ ఉంటుంది. ఒక కణం దూసుకొచ్చి చిప్పుకు తగిలితే సున్నా ఉన్నచోట ఒకటి పడుతుంది. ట్రాన్సిస్టరు ఎంత బుల్లిదైతే అందులో దాచిన విద్యుత్తు అంత తక్కువ, అది తారుమారు కావడం అంత తేలిక. పెద్ద ట్రాన్సిస్టర్లు ఆ దెబ్బను కాస్త కాచుకుంటాయి. నాసా వాళ్లు 2020లో అంగారకుడి మీదికి పంపిన పర్సివరెన్స్ రోవర్‌కు మెదడు ర్యాడ్750 అనే చిప్పు. దాని మూలం 1998 నాటి ఐమ్యాక్‌లో ఉన్న పవర్‌పీసీ 750. వాళ్లకు కొత్త చిప్పులు కొనే స్తోమత లేకనా?

అలాగని నిజం దాచను. మొహాలీ ఫ్యాక్టరీకి చేతనైనది కూడా 180 నానోమీటర్లే. అంటే ఇందులో తెలివీ ఉంది, ఉన్నదాంతో సర్దుకోవడమూ ఉంది. ఇంకో తిరకాసు విను. అదే రోవర్ పొట్ట కింద వేలాడుతూ వెళ్లిన బుల్లి హెలికాప్టర్ ఇంజెన్యూటీలో పెట్టింది మామూలు ఫోన్ చిప్, స్నాప్‌డ్రాగన్ 801. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నారు, 72 సార్లు ఎగిరింది. పాత చిప్పే గొప్పదని వాదించేవాళ్ల నోరు మూయించడానికి అది పనికొస్తుంది. హెలికాప్టర్ కూలినా రోవర్ మిగులుతుంది కాబట్టి అక్కడ తెగించారు. ఉపగ్రహాన్ని మోసే రాకెట్‌తో ఆ తెగింపు కుదరదు.

అన్నట్టు, 4 నానోమీటర్లు అన్నది ఇప్పుడు కొలత కాదు, పేరు. ఆ చిప్పులో టేపు పెట్టి వెతికినా ట్రాన్సిస్టరుకు తలుపు లాంటి గేటు 4 నానోమీటర్లు ఉండదు.

ప్రశ్న: రొయ్యల గుంటల దగ్గర మోటార్లకు మొబైల్ స్టార్టర్ (ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసేది) పెట్టాము. పాత సిమ్ తీసి జియో సిమ్ వేస్తే పలకడం లేదు. స్టార్టర్ చెడిపోయిందా? (ఇందుకూరుపేట)

బాగానే ఉండుంటుంది, మార్చకండి. జియో 2016లో 4జీతోనే మొదలైంది, దానికి 2జీ అసలు లేదు. మీ స్టార్టర్ పాతదైతే దాని లోపల ఉన్నది 2జీ మోడెమ్. ఒకరికి తెలుగు, ఒకరికి అరవం, మధ్యలో దుబాసీ లేడు. 2జీ ఉన్న కంపెనీ సిమ్ వేసి చూడండి, మీ గుంట దగ్గర దేనికి సిగ్నల్ ఉందో ముందు మామూలు ఫోన్లో చూసుకుని. కొత్తది కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద 4జీ అని ఉన్నదే అడగండి.

ఇంకో రెండు మాటలు. సిమ్ రీచార్జి గడువు మర్చిపోకండి. డేటా లేకుండా మాటలకు, మెసేజీలకు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది, స్టార్టర్‌కు అవే చాలు. రెండోది అసలైనది. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారకముందే, నీళ్లకు గాలి అందించే మోటార్లు ఆగకూడనిదీ అప్పుడే. కరెంటు పోతే తనంతట తానే మీకు ఫోన్ చేసే స్టార్టర్ అయితేనే దాని మీద కాస్త నమ్మకం పెట్టుకోండి. అది చేసినా, గుంట గట్టున మనిషి ఉండాల్సిందే.

ప్రశ్న: మైపాడు బీచ్‌లో అలకు ఫోన్ తడిసింది. బియ్యంలో పెట్టమంటున్నారు. (నెల్లూరు)

మొలగొలుకుల ఊళ్లో బియ్యానికి కొరత లేదు గానీ, వాటిని అన్నానికే ఉంచండి. బియ్యంలో పెట్టొద్దని, నూక రేణువులు ఫోన్లోకి పోయి చెడగొడతాయని ఆపిల్ తన సూచనల్లోనే రాసింది. పైగా మీది ఉప్పునీళ్లు. నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు రాసి ఉన్నా ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో. స్విచాఫ్ చేయండి, ఛార్జర్ జోలికి పోకండి, ఈరోజే రిపేరు షాపులో ఇచ్చి విప్పి శుభ్రం చేయించండి. ఉప్పు లోపల ఉన్నంతసేపూ బోర్డును తింటూనే ఉంటుంది.

ప్రశ్న: 'జ్ఞా' అని మెసేజీ పెడితే ఐఫోన్ హ్యాంగ్ అవుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా? (ఒంగోలు)

ఒకప్పుడు నిజమే. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 సాఫ్ట్‌వేరు ఉన్న ఐఫోన్లు ఈ అక్షరం కనబడితే యాప్ మూసేసి పారిపోయేవి. అది కూడా మనం రాసే మామూలు జ్ఞా కాదు. జ, దాని కింద ఞ ఒత్తు, కంటికి కనబడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరసలో రావాలి. వీటిని ఎలా పేర్చాలో తెలియక ఫోను తికమకపడేది. ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేశారు. ఇప్పుడు ఎన్ని జ్ఞానబోధలైనా పంపుకోవచ్చు.

దీన్ని అప్పట్లో అందరూ జోకుగా తీసుకున్నారు, నేనూ నవ్వాను. కానీ కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఉంది. అన్నేళ్ల తర్వాత, అంత ఖరీదైన ఫోను మన ఒత్తు ఒకటి మోయలేక చతికిలపడిందంటే ఫ్యాక్టరీలో మన అక్షరాలతో ఎంతమాత్రం పరీక్షలు చేస్తున్నారో తెలిసిపోలేదూ? మీ ఫోన్లో తెలుగు తప్పుగా కనబడితే స్క్రీన్‌షాట్ తీసి కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. ఊరుకుంటే అదే సరైనదనుకుంటారు.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో విమ్ (ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్) తెరుచుకుంది. ఎంతకీ బయటికి రాలేక కంప్యూటర్ ఆపేశాను. అందరూ నవ్వారు. (ఒంగోలు)

నవ్వినవాళ్లూ ఒకప్పుడు అలాగే ఇరుక్కున్నవాళ్లే. విమ్ నుంచి బయటపడటం ఎలా అని ప్రోగ్రామర్ల ప్రశ్నల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎవరో అడిగిన ప్రశ్నను 2017 నాటికే పది లక్షల సార్లు చూశారు. బిల్ జాయ్ 1976లో రాసిన వీఐ అనే ఎడిటర్ విమ్‌కు తాత. బ్రామ్ మూలెనార్ 1991లో విమ్ విడుదల చేశాడు, 2023లో చనిపోయేదాకా దాన్ని చూసుకున్నాడు. డబ్బు అడగలేదు, ఇవ్వాలనిపిస్తే ఉగాండాలో పిల్లలకు ఇవ్వమన్నాడు. విమ్ గొప్పదా, దానికి పోటీ ఎడిటర్ ఈమ్యాక్స్ గొప్పదా అన్న తగువు, చేపల పులుసు వండిన పూటే బాగుంటుందా, మర్నాడు బాగుంటుందా అన్న తగువు లాంటిది. నేను మర్నాటి పులుసు, విమ్ పక్షం.

ఈసారి ఇరుక్కుంటే ముందు ఎస్కేప్ నొక్కు. తర్వాత కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. రాసింది దాచుకోవాలంటే ఆశ్చర్యార్థకం తీసేసి, క్యూ ముందు డబ్ల్యూ పెట్టు.