విమానం ఎక్కేముందు ఆ ఓటీపీ సంగతి తేల్చండి

ప్రశ్న: మా అమ్మాయికి ఎంఎస్ కోసం అమెరికాలో, జర్మనీలో సీట్లు వచ్చాయి. ఇంతవరకు ఒంటరిగా విజయవాడ కూడా వెళ్లలేదు. టికెట్లు, కార్డులు అన్నీ నేనే చూసుకుంటున్నాను. దారిలో సామాను రాకపోయినా, విమానం తప్పినా, పాస్‌పోర్టు పోయినా ఎలా? ఏ దేశమైతే ఇబ్బంది తక్కువ? - ఓ తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీరు అడిగింది దేశాల గురించే అయినా, మీ గుబులంతా అర్ధరాత్రి ఏదైనా అయితే పిల్ల పక్కన ఎవరుంటారన్నదే. ఎవరూ ఉండరు. అయినా పని జరుగుతుంది. మీరు రాసిన మూడు కష్టాలకూ దారి ఉంది, అది ఆమెకు తెలిస్తే చాలు.

బెల్టు మీద పెట్టె రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే బ్యాగేజీ కౌంటర్లో పీఐఆర్ (సామాను రాలేదన్న ఫిర్యాదు పత్రం) రాయించుకోవాలి. బోర్డింగ్ పాస్ వెనక అంటించే చిన్న స్టిక్కర్ మీదే ట్యాగ్ నంబరు ఉంటుంది. దాన్ని చాలామంది పారేస్తారు, తర్వాత తల పట్టుకుంటారు. పెట్టె అందేదాకా గడవడానికి కొన్న బట్టలు, సబ్బుల బిల్లులు దాచుకోవాలి. పెట్టె పగిలి వస్తే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్కల యూనిట్), అంటే రెండు వేల డాలర్ల పైచిలుకు. అందుకే లాప్‌టాప్, సర్టిఫికెట్లు, మందులు చేతి సంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంకూ అందులోనే, సామర్థ్యం 100 వాట్ అవర్లు దాటకుండా. ఎండు కొబ్బరి సర్దకండి, అది మంటలంటుకునే సరుకు కింద లెక్క. జర్మనీకైతే నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి కుదరవు. పాల పదార్థాలనూ మాంసాన్నీ యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు.

విమానం తప్పడం సగం టికెట్ కొన్నరోజే ఖాయమవుతుంది. మధ్యలో మారే రెండు విమానాలకూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. నాలుగు డబ్బులు మిగులుతాయని రెండు వేర్వేరు టికెట్లు కొంటే ఎవరికీ పూచీ ఉండదు. పైగా మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, దానికి ఆ దేశపు వీసా కావాల్సి రావచ్చు. మ్యూనిక్‌లో దిగి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మళ్లీ మారి అమెరికా వెళ్లే టికెట్ కొన్నారనుకోండి, ఆ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం జర్మనీ లోపలిది కాబట్టి, అమెరికా వీసా ఉన్నా షెంజెన్ వీసా (జర్మనీ సహా చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) లేదని శంషాబాద్‌లోనే ఆపేస్తారు.

పాస్‌పోర్టు పోతే ముందు గదంతా గాలించాలి. పోయిందని ఒకసారి నమోదైతే, తర్వాత దొరికినా అది చెల్లదు. ఆపైన పోలీసు రిపోర్టు, భారత కాన్సులేట్, కొత్త పాస్‌పోర్టు. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తామంటే ఆగమనండి. అది ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే, చదువు మధ్యలో ఉన్న పిల్లకు పనికిరాదు. అమెరికాలో ఉండి చదవడానికి ఆధారం ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు). రెండూ మళ్లీ తీసుకోవచ్చు. పోయిన వీసా స్టాంపు మాత్రం అక్కడ మళ్లీ వేయరు, దేశం దాటినప్పుడే దాని అవసరం. జర్మనీలో రెసిడెన్స్ కార్డు విడిగా ఉంటుంది. దాన్నీ పాస్‌పోర్టునీ ఒకే పర్సులో పెట్టకపోతే సగం గండం గడిచినట్టే.

జర్మనీ అన్నారు కాబట్టి ఒక మాట. ‘ఒక్క వీసాతో యూరప్ అంతా చుట్టేయొచ్చు’ అన్న ప్రచారం మీద నాకు నమ్మకం లేదు. బ్లాక్డ్ అకౌంట్లో (వీసా కోసం ఖర్చుల సొమ్ము ముందే వేసి, నెలకు కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు వేస్తే నెలకు చేతికొచ్చేది 992. అద్దె, ఇన్సూరెన్స్, తిండి పోను ప్యారిస్ ఎక్కడిది? మొదటి వీసా కొన్ని నెలలకే ఇస్తారు, రెసిడెన్స్ కార్డు అపాయింట్‌మెంట్ కొన్ని ఊళ్లలో మరీ ఆలస్యం. వీసా గడువు ముగిసి కార్డు చేతికొచ్చేలోపు కాలానికి ‘ఫిక్షన్స్‌బెషైనిగుంగ్’ అనే తాత్కాలిక కాగితం ఇస్తారు. అందులో 81(4) (జర్మనీ నివాస చట్టం సెక్షన్) గడిలో టిక్ ఉంటేనే దేశం దాటి తిరిగి రావచ్చు. అది చూసుకోకుండా సంక్రాంతికి ఇంటికొస్తే మళ్లీ వీసా క్యూలో నిలబడాల్సిందే. సెమిస్టర్ మీకోసం ఆగదు.

ఇక మీ సంగతి. ‘అన్నీ నేనే చూసుకుంటున్నాను’ అని గొప్పగా రాశారు. అదేనండీ అసలు ప్రమాదం. టికెట్ ఏజెంటు ఈమెయిల్‌తో బుక్కయితే విమానం టైము మారిందన్న కబురు ఆయనకే పోతుంది. ఫోరెక్స్ కార్డుకు (విదేశీ కరెన్సీ నింపుకునే కార్డు) మీ నంబరు ఇచ్చి ఉంటే, షికాగోలో సాయంత్రం నాలుగింటికి అమ్మాయి ఆన్‌లైన్లో హోటల్ గదికి డబ్బు కడుతుంటే, ఓటీపీ వేసవిలో ఇక్కడ రాత్రి రెండున్నరకు మీ దిండు పక్కన మోగుతుంది. మీరు నిద్రపోతుంటారు. పాతికేళ్లు రాబోతున్న పిల్లకు తన పాస్‌వర్డ్ తనకు తెలియకుండా పెంచి, పరాయి దేశంలో ఎలా బతుకుతుందని నన్ను అడిగితే ఎలా?

ఈ వారమే అన్నీ ఆమె నంబరుకు, ఆమె ఈమెయిల్‌కు మార్పించండి. ఆ సిమ్‌కు రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించండి. కార్డులు రెండు, రెండు చోట్ల. కాగితాల జిరాక్సులు పెట్టెలో ఒక సెట్టు, ఇంట్లో ఒక సెట్టు. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్లో విద్యార్థిగా ఆమే నమోదు చేసుకోవాలి. దేశం సంగతంటారా, రెండు యూనివర్సిటీల కోర్సు వివరాలు పంపండి, కోర్సును బట్టి చెబుతాను. ఈలోగా ఆమెను ఒక్కదాన్నే బెంగళూరు పంపండి. టికెట్ తనే కొననివ్వండి, ఒకసారి రద్దు కూడా చేసి రిఫండ్ రాబట్టుకోనివ్వండి. దారిలో ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావని అడక్కండి.