భర్త క్రెడిట్ కార్డు బాకీ భార్య కట్టాలా?

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగం చేసే మా వారు మూడు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. ఆయన క్రెడిట్ కార్డు మీద 1,80,000 రూపాయల బాకీ ఉందనీ, భార్యగా నేనే కట్టాలనీ, లేకపోతే మా అబ్బాయి మీద కేసు వేస్తామనీ రోజూ ఫోన్లు వస్తున్నాయి. వాయిదాల్లో కడతానని రాసి ఇమ్మంటున్నారు. ఆయన పేరిట బ్యాంకులో లక్ష రూపాయల డిపాజిట్, కొంత పీఎఫ్ సొమ్ము ఉన్నాయి. నన్ను ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ కాగితం మీద మాత్రం సంతకం చేయకండి. ఇప్పటికి ఆ బాకీ మీ వారిది. మీరు కడతానని రాసి ఇచ్చారంటే, అది మీ సొంత అప్పేనని వాదించడానికి కార్డు కంపెనీకి ఆధారం దొరుకుతుంది. అంత తొందరపెట్టి రాయించుకోవడం అందుకే అయివుంటుంది.

మీరు సహ రుణగ్రహీతగానో హామీదారుగానో సంతకం చేసి ఉండకపోతే, భార్య అయినంత మాత్రాన మీ జీతం నుంచి గానీ, పుట్టింటివారు పెట్టిన బంగారం నుంచి గానీ రాబట్టుకునే హక్కు వారికి లేదు. మీ వారు వదిలి వెళ్లిన ఆస్తిలో వారసుల చేతికి వచ్చినంత మేరకే వసూలు చేసుకోగలరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ చెప్పేది ఇదే. అయితే అందులోనే ఒక మెలిక ఉంది: చేతికి వచ్చిన ఆస్తిని సక్రమంగా వినియోగించినట్లు లెక్క చూపలేని వారసుడు ఆ మేరకు సొంతంగా బాధ్యుడవుతాడు. కాబట్టి అంత్యక్రియల ఖర్చుతో సహా రశీదులన్నీ భద్రపరచుకోండి.

నామినీ మీరే అయినా, బ్యాంకు డిపాజిట్ ఆయన ఆస్తి కిందికే వస్తుంది కనుక అప్పులవారు దాని మీదికి రావచ్చు. పీఎఫ్ సంగతి వేరు. 1952 నాటి పీఎఫ్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం నామినీకి చెందే ఆ సొమ్ముకు మృతుడి అప్పులతో సంబంధం లేదు.

ఇక మీ అబ్బాయి విషయం. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఒకప్పుడు హిందూ ధర్మశాస్త్రం ఆధారంగా కోర్టులూ దాన్ని అంగీకరించేవి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత చేసిన అప్పులకు, కేవలం ఆ ధర్మం పేరిట కొడుకు మీద దావా చెల్లదు.

మరణ ధ్రువీకరణ పత్రం నకలు జతచేసి, కార్డు ఖాతా మూసివేయాలనీ, మరణించిన తేదీ నాటికి ఉన్న బాకీ ఎంతో, కార్డుకు బీమా ఏదైనా ఉందేమో లిఖితపూర్వకంగా తెలపాలనీ కోరుతూ కార్డు కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. మీ దగ్గర యాడ్ ఆన్ కార్డు (ఆయన ఖాతా మీదే మీకు ఇచ్చిన అదనపు కార్డు) ఉంటే ఇక వాడకండి. రికవరీ ఏజెంట్లు బెదిరించకూడదు. ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఫోన్లు వచ్చిన తేదీ, సమయం రాసిపెట్టుకొని ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.