టెక్ సందేహాలు: టీవీలో బొమ్మ కోసం తాళాలన్నీ ఇచ్చేస్తారా?

ప్రశ్న: ఫోన్ అప్‌డేట్ అయ్యాక టీవీకి కనెక్ట్ చేసే ఆప్షన్ మాయమైంది. ప్లే స్టోర్‌లో వెతికి ఓ స్క్రీన్ మిర్రరింగ్ యాప్ వేశాను. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇమ్మంటోంది. ఇవ్వొచ్చా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ముందు ఫోన్ తీసి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, ఆ యాప్ స్విచ్ ఆపేయండి. తర్వాత యాప్‌ను తీసేసి మిగతా జవాబు చదవండి.

ఫోన్ తెరను టీవీలో చూపించాలంటే యాప్‌కి తెరను తీసుకునే అనుమతి చాలు. దాన్ని ఫోనే ఓ చిన్న పెట్టెలో అడుగుతుంది. యాక్సెసిబిలిటీ సంగతి వేరు. చూపు లేనివాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు సరిగా కదలనివాళ్ల తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన ఏర్పాటు అది. దొంగ యాప్ చేతిలో పడితే మీ ఓటీపీ చదివేదీ అదే, మీ బదులు ‘ఓకే’ నొక్కేదీ అదే. సినిమా చూపించే యాప్‌కి ఇంత అధికారం దేనికి?

ఇలాంటి యాప్‌లన్నీ దొంగవని అనను. చాలావరకు యాడ్స్ మీద బతికేవే. నాలుగు యాడ్స్ చూపించి, చివరికి తెరను టీవీకి పంపడానికి మీ ఫోన్‌లో ముందునుంచీ ఉన్న ‘కాస్ట్’ సెట్టింగ్‌నే తెరిచి పెడతాయి!

అసలు కోపం ఫోన్ తయారీదారుల మీద. ఒకరు ‘కాస్ట్’ అంటారు, ఒకరు ‘స్మార్ట్ వ్యూ’, మరొకరు ‘వైర్‌లెస్ డిస్‌ప్లే’. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా దాన్ని ఓ మెనూలోంచి తీసి ఇంకో మెనూలో దాస్తారు. ఆప్షన్ దొరక్క జనం ప్లే స్టోర్‌కి పోతారు, లేదా నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతారు. ఆ నంబర్ నకిలీదైతే అవతలివాడు ‘స్క్రీన్ షేర్ చేయండి మేడమ్, నేను చూస్తాను’ అంటాడు. ఫోన్‌ను దూరం నుంచి నడిపించే యాప్‌తో ఖాతాలు ఖాళీ అవుతున్నాయని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే హెచ్చరించింది. ఇప్పుడు వేరే యాప్ కూడా అక్కర్లేదు. 2023 నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేరింగ్ ఉంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.

ఇక మీ పని. సెట్టింగ్స్‌లో పైనుండే సెర్చ్‌లో ‘కాస్ట్’ అని, లేదా పైన చెప్పిన పేర్లు కొట్టి చూడండి. కనెక్ట్ చేయడానికి మిరాకాస్ట్ పద్ధతిలో అయితే రౌటర్ అక్కర్లేదు, ఫోన్, టీవీ నేరుగా మాట్లాడుకుంటాయి. యూట్యూబ్ లాంటి యాప్‌లలో ఉండే కాస్ట్ బటన్‌కి మాత్రం రెండూ ఒకే వైఫైలో ఉండాలి. అమీర్‌పేట హాస్టళ్లలోనూ, గెస్ట్ వైఫై మీదా టీవీ కనిపించట్లేదంటే, చాలాసార్లు రౌటర్ ఒక పరికరానికి ఇంకొకటి కనబడకుండా ఆపుతోందని అర్థం. ఫోన్‌ని తిట్టి లాభం లేదు.

అపార్ట్‌మెంట్లలో దీనికి ఉల్టా తలనొప్పి ఇంకొకటి. జాబితా తెరిస్తే మూడు టీవీలు, మూడింటికీ కంపెనీ పెట్టిన మోడల్ నంబరే పేరు. మీది ఏది? తొందరలో నొక్కితే మీ ఫొటోలు పక్క ఫ్లాట్ హాల్లో తేలొచ్చు. ముందు టీవీకి ఓ పేరు పెట్టుకోండి, కనెక్ట్ అయ్యే ప్రతిసారీ పిన్ అడిగే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి.

యూట్యూబ్ చూడ్డానికి మిర్రరింగే వద్దు. యాప్‌లో ఉన్న కాస్ట్ బటన్ నొక్కితే టీవీయే నెట్ నుంచి వీడియో తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌గా మిగులుతుంది. మిర్రరింగ్‌లో మొత్తం తెర అందరి ముందూ ఉంటుంది. చుట్టాలంతా కూర్చుని పెళ్లి వీడియో చూస్తుంటే ‘ఈఎంఐ బాకీ’ మెసేజ్ యాభై అంగుళాల్లో పడుతుంది. తప్పనిసరైతే ‘డు నాట్ డిస్టర్బ్’లో నోటిఫికేషన్లు తెర మీదికి రాకుండా పెట్టుకోండి.

ప్రశ్న: మిర్రరింగ్‌లో ఓటీటీ సినిమా పెడితే మాటలు వస్తున్నాయి, బొమ్మ నల్లగా ఉంటోంది. టీవీ పాడైందా?
– ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

టీవీ బాగానే ఉంది. కాపీ చేయకుండా ఆ యాప్ పెట్టుకున్న అడ్డు అది. బ్యాంకు యాప్‌లు నల్లగా కనిపించేది కూడా ఇలాంటి అడ్డు వల్లే, అక్కడైతే సంతోషించాలి. మీ టీవీలోనే ఆ ఓటీటీ యాప్ వేసుకోండి.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకు, వైరు కొనేస్తే పోలా?
– ఓ పాఠకుడు, మల్కాజిగిరి

పోతుంది, మీ ఫోన్ ఒప్పుకుంటే. టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన బొమ్మ బయటికి రాదు, దానికి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (ఆ పోర్టులోంచే బొమ్మను బయటికి పంపే ఏర్పాటు) ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి లేదు, పైగా ఆ సంగతి డబ్బా మీద రాయరు. కంప్యూటర్ సామాన్లు అమ్మే సికింద్రాబాద్ సీటీసీలో కొనేటట్టయితే ఫోన్ వెంట తీసుకెళ్లి, షాపులోని మానిటర్ మీద బొమ్మ వచ్చాకే డబ్బులివ్వండి.