మృదంగంలో మూడో కాలానికి చేయి బిగుసుకుపోతోంది, ఎలాంటి సాధన చేయాలి?

మీరు రాసింది చదువుతుంటే కొన్నేళ్ల కిందటి నా గోడు నేనే చదువుకున్నట్టుంది. రెండేళ్లుగా నేర్చుకుంటున్నారు, మొదటి రెండు కాలాలు, అంటే వేగాలు, బాగానే పలుకుతున్నాయి, మొదటిదానికి నాలుగింతల వేగమైన మూడో కాలంలో తరికిటతక అనే పలుకు దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి, మోచేతి దాకా బిగుసుకుపోతోంది, రోజుకు రెండు గంటలు కూర్చున్నా మార్పు లేదు. ఇదేగా మీ బాధ? నేను విద్వాంసుణ్ణేమీ కాను. చిన్నప్పుడు రాజమండ్రిలో నాలుగేళ్లు నేర్చుకుని, ఇంజినీరింగ్‌లో వదిలేసి, ముప్ఫై నాలుగో ఏట హైదరాబాద్‌లో మళ్లీ మొదలుపెట్టాను. నాకు పనికొచ్చిన సంగతులే చెబుతాను. మీ గురువుగారి మాట వేరుగా ఉంటే ఆయన మాటే వినండి.

ముందు ఆ రెండు గంటలు తగ్గించండి. బిగుసుకున్న చేత్తో రెండు గంటలు వాయిస్తే చేతికి అలవాటయ్యేది బిగుసుకోవడమే. ఇరవై నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు కూర్చోండి, చాలు.

నా అసలు లోపం ఎక్కడుందో ఒక శ్రీరామనవమి పందిట్లో మృదంగం వాయిస్తుంటే తెలిసింది. పాడుతున్న ఆవిడ హాయిగా మధ్యమ కాలంలో ఎత్తుకున్న కీర్తన చరణానికి వచ్చేసరికి నా చేతిలో పరుగందుకుంది. ఆవిడ పాడుతూనే నా వైపు తిరిగి, తొడ మీద తాళం గట్టిగా వేసి చూపించారు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఇంటికొచ్చి ఫోన్‌లో రికార్డింగ్ వింటే ఇంకో వింత బయటపడింది. నేను పరిగెత్తింది కష్టమైన చోట కాదు, మామూలు తకధిమి దగ్గర. ముందు రాబోయే గండం తలుచుకుని, తొందరగా దాటేద్దామని అక్కడి నుంచే ఉరుకుతున్నానన్నమాట. గురువుగారికి వినిపించాను. "నీకు మూడో కాలం రాకపోవడం కాదు నాయనా, మొదటి కాలమే ఇంకా రాలేదు" అన్నారు. తర్వాత మూడు వారాలు త, ధి, తొం, నం అనే తొలి పాఠపు అక్షరాలు తప్ప ఇంకేమీ ముట్టుకోనివ్వలేదు. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 40 దెబ్బల్లో పెట్టి, దెబ్బకు ఒక్క అక్షరం.

అప్పుడు తెలిసింది నా తప్పు. నిదానమే కదా అని చేతిని జానెడు పైకెత్తి వేసేవాణ్ణి. మూడో కాలంలో జానెడు ఎత్తడానికి టైమ్ ఎక్కడిది? మెట్రోనోమ్ 60లో ఉన్నా, దెబ్బకు నాలుగు అక్షరాలంటే నిమిషానికి 240. అంటే నిదానంలో ఒక కదలిక నేర్చుకుని, వేగంలో ఇంకో కదలిక అడుగుతున్నాను. చేయి బిగుసుకోక ఏం చేస్తుంది? కాబట్టి నిదానంలో కూడా చేతిని రెండంగుళాలకు మించి ఎత్తకండి. దెబ్బ పడగానే వేళ్లు వదులైపోవాలి, తర్వాతి అక్షరం దాకా చేయి ఊరికే వేలాడాలి. ఇది చూడ్డానికి మరీ చిన్న విషయంలా ఉంటుంది. నాకు నెల పట్టింది.

ఇక తరికిటతక. నోటితో చెప్పి చూడండి, తాళం వేస్తూ. నోట్లోనే తడబడుతుంటే చేతిని తిట్టి లాభం లేదు. నోటికి బాగానే వస్తుంటే తగాదా సాధారణంగా 'కిట' దగ్గర ఉంటుంది. మా బాణీలో 'కి'కి మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు కలిసి కరణి (కుడి మూత మధ్యలో ఉండే నల్లటి పూత) మీద పడతాయి, 'ట' ఒక్క చూపుడు వేలుది. కొన్ని బాణీల్లో కాస్త తేడా ఉండొచ్చు. మూడు వేళ్ల బలం ముందు చూపుడు వేలు తేలిపోతుంది. దానికి నేను చేసింది తిరగేసి వాయించడం. కిటకిట బదులు టకిటకి, చూపుడు వేలితో మొదలుపెట్టి, ఆ మొదటి అక్షరం మీదే ఊనిక. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) అలా, ఒక ఆవర్తనం మామూలుగా. పది రోజుల్లో తేడా మీ చెవికే తెలుస్తుంది.

నాకు బాగా నచ్చిన లెక్క ఇంకొకటి. ఎనిమిది దెబ్బల ఆది తాళంలో దెబ్బకు నాలుగు చొప్పున ఆవర్తనానికి 32 అక్షరాలు. తధిగిణతొం అయిదు అక్షరాలు. దాన్ని ఆరుసార్లు వాయిస్తే 30, చివర ఒక 'తక' కలిపితే 32, సరిగ్గా సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడతారు. ఇందులో మజా ఏమిటంటే, 'త' మొదటిసారి దెబ్బ మీద, తర్వాత దెబ్బ దాటి ఒక అక్షరానికి, ఆ తర్వాత రెండుకి, మూడుకి పడుతూ మళ్లీ దెబ్బ మీదకు వస్తుంది. ఎక్కడ పడ్డా ఒకేలా పలకాలి. దెబ్బ మీద పడ్డప్పుడు మాత్రమే గట్టిగా మోగుతోందంటే మీ చేయి తాళాన్ని ఊతకర్రలా పట్టుకుని నడుస్తోందని అర్థం. మా అబ్బాయి డ్రమ్స్ క్లాసులో పారాడిడిల్ అని ఒకటి చేయిస్తారు. కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఊనిక చేయి మార్చుకుంటూ పోతుంది. కిటుకు ఇలాంటిదే.

మెట్రోనోమ్ పెంచడం రెండేసి చొప్పున చాలు, అదీ మూడు రోజులు వరసగా శుభ్రంగా వచ్చాకే. నాకు 60 నుంచి 80కి వెళ్లడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆఫీసు, పిల్లలు, కరెంటు బిల్లులు అన్నీ ఉంటాయి కదా.

ఎడమ చేయి గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. ఎవరూ రాయరు. వారంలో ఒకరోజు పాఠమంతా ఎడమ చేత్తో తొప్పి (మృదంగం ఎడమ మూత) మీదే వాయించండి, కుడి చేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ. నా బిగువులో సగం అక్కడే పుట్టిందని అలా చేశాకే తెలిసింది. ఏసీ గదిలో కూర్చుంటే తొప్పి మీద అంటించే రవ్వ ముద్ద ఆరిపోతుంది, తొం పలకదు, పలకడం లేదని మనం భుజంతో మోదుతాం. కాస్త తడి చేస్తే పోయేదానికి నేను ఆరు నెలలు భుజం నొప్పి పడ్డాను. ఎడమ చేయి పుట్టుకతోనే బలహీనం అనుకోకండి. గుంకీకి (తొప్పి మీద పలికించే గుమ్మనే నాదానికి) పేరుపడ్డ మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్లై (1908-1962) ఎడమచేతి వాటం మనిషి, మృదంగాన్ని తిప్పిపెట్టుకుని వాయించేవారు. అంటే ఆయన కూడా తొప్పిని వాటం లేని చేత్తోనే పలికించారు.

కూర్చునే తీరు కూడా ఒకసారి ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసుకుని చూడండి. మణికట్టు మడత పడుతుంటే కింద పలచని దిండు వేసుకోండి. అలసట వేరు, నొప్పి వేరు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, మర్నాటికీ నొప్పి తగ్గకపోయినా సాధన ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఫ్లాట్‌లో చప్పుడుకు పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు, రబ్బరు ప్యాడ్ కొననా అని అడిగారు. వేళ్ల వరసకు ప్యాడ్ పనికొస్తుంది, నాదానికి పనికిరాదు. 'నం' మోగిందో లేదో దాని మీద తెలియదు. నేను రాత్రిళ్లు తొడ మీద వాయించుకుంటాను, ఆదివారం పదకొండింటికి మృదంగం తీస్తాను. పక్కింటావిడతో ఆ టైమ్‌కి ఒప్పందం కుదిరింది, వాళ్లబ్బాయి ఎలక్ట్రిక్ గిటార్‌కి నేను నోరెత్తకూడదన్న షరతు మీద.