తమ్ముడూ, అమ్మాయికి కనిపించేలా కూర్చో

కర్నూలు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. మరదలికి కూడా.

నీ కూతురి డాక్టరు చదువు స్నాతకోత్సవానికి, అదే పట్టాలిచ్చే వేడుకకు, రమ్మంటే నిన్న రాత్రి ఫోనులో నువ్వన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "అంతమంది డాక్టర్ల మధ్య నేనెందుకక్కా? బావమరిది ఉద్యోగస్తుడు, నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చినవాడు, అతన్ని పంపిస్తాను. నేను వీడియోలో చూసుకుంటాను" అన్నావు. ఫోనులో వాదిస్తే ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మరదలి చేత చదివించుకుని వినడం కాదు, నువ్వే చదువు.

నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి ముందు చెప్పాలి. పదహారేళ్ల కిందట మా అబ్బాయి ఇంజనీరింగ్ పట్టా తీసుకున్న రోజది. కాలేజీ పేరు ఇప్పుడు అనవసరం. ముందు రాత్రి నాకు ఆసుపత్రిలో డ్యూటీ. పొద్దున దిగి, ఇంటికి వచ్చి, వాడికి ఇష్టమని ఓళిగలు చేసి, క్యారియర్ కట్టుకుని బయలుదేరాను. ఆహ్వాన పత్రికలో పది గంటలని ఉంది. సరిగ్గా పదికి వెళ్లాను. అప్పటికే ముఖ్య అతిథి లోపలికి వెళ్లారు, తలుపులు మూసేశారు. ఎంత బతిమాలినా తీయలేదు. బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. మైకులో పేర్లు వినిపిస్తున్నాయి. చాలాసేపటికి మావాడి పేరు వచ్చింది. ఇంటిపేరు తప్పు చదివారు, అయినా వాడే. చప్పట్లు కొడదామంటే చేతిలో క్యారియర్ ఉంది. దాన్ని కింద పెట్టేలోపే ఆ తర్వాతి పేరు పిలిచేశారు.

వాడు బయటికి వచ్చి "ఎక్కడ కూర్చున్నావమ్మా, కనిపించలేదు" అన్నాడు. "వెనకాల" అన్నాను. వాడికి నేను చెప్పిన పెద్ద అబద్ధం అదే. ఎన్నో ఏళ్ల తర్వాత, వాడికి కొడుకు పుట్టాక, ఒక రోజు మాటల్లో అన్నాడు: పట్టా పుచ్చుకుని ఇటు తిరగగానే ముందు వరుస నుంచి గోడదాకా మొత్తం నీకోసం వెతికానమ్మా అని. వేదిక మీద వాడు నిలబడింది ఎంతసేపు, అర నిమిషం. ఆ అర నిమిషమూ వాడు నన్ను వెతకడానికే ఖర్చు పెట్టాడు.

మన అమ్మాయి కూడా అలాగే వెతుకుతుంది. వాళ్ల మామ కనిపిస్తే సంతోషిస్తుంది, కాదనను. కానీ అది వెతికేది మామను కాదు.

స్నాతకోత్సవం అనే మాటలోనే ఈ సంగతి ఉంది. మన పెళ్లిళ్లలో కొన్ని ఇళ్లలో వరుడికి స్నాతకం అని చేస్తారు, చూశావు కదా. పూర్వం గురువు దగ్గర చదువు ముగించినవాడు, ఆయన అనుమతి తీసుకుని, స్నానం చేసి ఇంటికి తిరిగి వచ్చేవాడు. వాడే స్నాతకుడు. అంటే ఇది బిడ్డను గురువులు ఇంటికి అప్పగించే రోజు. అప్పగించుకోవడానికి ఇంటివాళ్లు లేకపోతే ఎవరికి అప్పగిస్తారు? ఇంగ్లీషు రాదని నువ్వు బెంగపడుతున్నావు. ఆ సభలో నీకు తెలియాల్సిన మాట ఒక్కటే, నీ కూతురి పేరు. ఆ పేరు పెట్టింది నువ్వే.

ఇక ఆ రోజు ఏం జరుగుతుందో, ఏం చేయాలో చెబుతాను. పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఏటేటా హౌస్ సర్జన్లు, అంటే చదువు చివర ఏడాది ఆసుపత్రిలో పనిచేసే పిల్లలు, వచ్చి వెళ్లడం చూశాను. పిలిచిన పిల్లల వేడుకలకు ఒక్కటి కూడా వదలకుండా వెళ్లాను. మా అబ్బాయిది పోగొట్టుకున్నాక ఇంకెవరిదీ పోగొట్టుకోబుద్ధి కాలేదు.

పత్రికలో వేసిన సమయం అతిథులది. ఇంటివాళ్లు దానికి గంట ముందు లోపల ఉండాలి. పెద్దలు ఊరేగింపుగా లోపలికి వచ్చేటప్పుడు సభ అంతా లేచి నిలబడుతుంది, ఆ తర్వాత తలుపు దగ్గర ఎవరినీ కదలనివ్వరు. ఎమ్మిగనూరు నుంచి బస్సు దాదాపు రెండు గంటలు. పొద్దున్నే లేచి వస్తానంటే నేను ఒప్పుకోను. ముందు రోజు సాయంత్రానికే మా ఇంటికి వచ్చేయండి. పొద్దున ఉగ్గాని చేసి పెడతాను, తిని వెళ్లండి. సభలో ఆకలికి కళ్లు తిరిగిన తల్లులను నేనే ఇద్దరు ముగ్గురిని బయటికి తీసుకొచ్చి నీళ్లు పట్టాను.

బట్టల గురించి మరదలు అడిగింది. నువ్వు ఎవరిదో ప్యాంటు అరువు తెచ్చుకుంటున్నావని విన్నాను. వద్దు. తెల్ల పంచె, ఇస్త్రీ చేసిన చొక్కా, భుజాన నువ్వు నేసిన తువ్వాలు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘానికి నాన్న ఎన్ని దుప్పట్లు నేశారో నీకు తెలుసు. నా నర్సింగు చదువు ఆ దుప్పట్ల మీదే నడిచింది. మన అమ్మాయి డాక్టరు చదువు నీ మగ్గం మీద నడిచింది. స్నాతకోత్సవాల్లో వేసుకునే బట్టలకు చేనేత వాడమని, విశ్వవిద్యాలయాల మీద ఢిల్లీలో ఉండే సంస్థ యూజీసీ 2019లో విశ్వవిద్యాలయాలకు లేఖే రాసింది. చదువుకున్నవాళ్లకు ఉత్తరాలు రాసి మరీ చెప్పాల్సి వచ్చినది నీ భుజం మీద ఎప్పటినుంచో ఉంది. దాన్ని దాచి అరువు ప్యాంటులో వస్తే నాకు కోపం వస్తుంది. మరదలికి పట్టుచీర కట్టుకోవాలని ఉంటే కట్టుకోనీ. కానీ కర్నూలు ఎండలకు నూలు చీరే సుఖం.

మరదలి చేతిసంచిలో అరడజను పిన్నీసులు మరవకుండా పెట్టుకోమను. పిల్లలకు ఇచ్చే నల్ల గౌన్లు అద్దెవి, అందరికీ ఒకటే కొలత. మెడ చుట్టూ వేసే రంగు పట్టీ భుజం మీద నిలవదు, జారిపోతూ ఉంటుంది. వేదిక ఎక్కేదాకా పిల్లలు దాన్ని ఒక చేత్తో పట్టుకునే ఉంటారు. పోయిన ఏడాది ఒక తల్లి కూతురిని తలుపు పక్కకు పిలిచి, నోట్లో పిన్నీసు పట్టుకుని, గౌను లోపలివైపు నుంచి రెండు చోట్ల కుట్టినట్టు గుచ్చింది. ఆ పిల్ల రెండు చేతులూ ఊపుకుంటూ మెట్లెక్కింది. చూడటానికి ఎంత బాగుందో చెప్పలేను.

పాసులు ఇంటికి రెండే ఇస్తున్నారట. అవి నీకు, మరదలికి. ఇందులో ఇంకో మాట లేదు. బావమరిదికి ఫోటోల పని అప్పగించు, బయట ఆ పని చాలా ఉంటుంది.

లోపల ఎక్కడ కూర్చోవాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ముందు రెండు మూడు వరుసలు అధ్యాపకులకు, అతిథులకు ఉంచుతారు. వాటి వెనక, నడిచే దారి పక్కనున్న కుర్చీలు రెండు చూసుకో. పిల్లలు ఏ పక్క నుంచి వేదిక ఎక్కుతారో, ఏ పక్క నుంచి దిగుతారో అక్కడి కుర్రవాళ్లను అడుగు, తెలుగులోనే అడుగు, చెబుతారు. దిగే పక్కన కూర్చో. పట్టా తీసుకున్నాక ముఖం అటే తిరుగుతుంది. కూర్చోగానే అమ్మాయికి ఒకసారి చెయ్యి ఊపి ఎక్కడున్నావో చూపించు. ఇక అది వెతుక్కోనక్కరలేదు, తిన్నగా చూస్తుంది.

సభ మొదట్లో జ్యోతి వెలిగిస్తారు, ప్రార్థన పాడతారు, ప్రిన్సిపాల్ నివేదిక చదువుతారు, ముఖ్య అతిథి మాట్లాడతారు. ఇదంతా గంటో గంటన్నరో పడుతుంది. తర్వాత పేర్లు. రెండు వందల మంది అనుకో, ఒక్కొక్కరికి అర నిమిషం వేసుకున్నా గంటా నలభై నిమిషాలు. మన అమ్మాయి వరుసలో ఎన్నో స్థానంలో ఉందో ముందే అడిగి చేతి మీద రాసుకో. దానికి పది పేర్ల ముందు నుంచి నీళ్లకని, ఫోనుకని లేవకు. ఫోనులో వీడియో తీస్తానని చేతులు అడ్డం పెట్టుకోవద్దు. తీసేవాళ్లు కాలేజీవాళ్లే ఉంటారు, తర్వాత ఇస్తారు. ఫోను వెనక దాక్కుంటే అది చూసే ముఖం ఏది?

మిగతా పిల్లలకు కూడా చప్పట్లు కొట్టు. ఎవరి పేరు పిలిచినప్పుడు చప్పట్లు పలచగా వినిపిస్తాయో, ఆ బిడ్డ తరఫున ఎవరూ రాలేదని అర్థం. దూరపు ఊళ్లవాళ్లు, కూలి పోతుందని రాలేనివాళ్లు ఉంటారు. అలాంటి బిడ్డకు నువ్వు ఇంకాస్త గట్టిగా కొట్టు.

తర్వాత అందరూ లేచి, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. రోగి రహస్యం కాపాడతామని, కులం మతం చూడకుండా వైద్యం చేస్తామని. అది ఇంగ్లీషులోనే ఉంటుంది, అర్థం మాత్రం ఇది. నా ఉద్యోగంలో ఎందరో డాక్టర్లను చూశాను. ఆ మాట నిలబెట్టుకున్నవాళ్లు రాత్రి రెండు గంటలకు పిలిచినా విసుక్కోకుండా వచ్చేవారు. ఆ సమయంలో నువ్వు కూడా నిలబడు.

వేదిక మీద ఇచ్చిన పట్టా చూసి అదే డిగ్రీ అనుకుని మర్నాడే ఫ్రేము కట్టించకు. కాలేజీలో జరిగేది వేడుక. అసలు డిగ్రీ విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇస్తుంది. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ అయ్యాయి కాబట్టి రాష్ట్ర వైద్య మండలిలో శాశ్వత రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి. ఆ పనులు అమ్మాయికి తెలుసు, డబ్బు అడిగినప్పుడు ఇస్తే చాలు. అసలు పత్రం వచ్చాక ప్లాస్టిక్ అతికించే పని మాత్రం ఎవరినీ చేయనివ్వకు. అలా చేసి, తర్వాత ముద్రలు వేయించుకోవడానికి వీలులేక తిరిగినవాళ్లను చూశాను.

సభ అయ్యాక గౌను తిరిగి ఇచ్చేయమని తొందర పెడతారు. అందుకే ముందు ఫోటోలు. మొదటి ఫోటో మీ ముగ్గురిదే తీయించుకో, స్నేహితులు చుట్టుముడితే మళ్లీ దొరకదు. దాని అధ్యాపకులు కనిపిస్తే నమస్కారం పెట్టి, "మా బిడ్డకు చదువు చెప్పారు" అను, చాలు. తల వంచుకుని వెనక నిలబడకు. ఆ కాలేజీ నీకు పరాయిది కాదు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు గుడారాల్లో ఆఫీసులు నడిచాయని నాన్న చెప్పేవారు కదా. ఆ రాజధాని హైదరాబాదు వెళ్లిపోయాక, 1957లో ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది. మన సీమ పిల్లలు చదువుకోవడానికి వచ్చిన కాలేజీ అది. అక్కడ మనం సంకోచపడితే ఎలా?

ఇప్పుడు చెప్పేది మరదలు కూడా వినాలి. ఆ రోజు పెళ్లి మాట ఎత్తకండి. ఆదోనిలో ఎవరో డాక్టరు సంబంధం ఉందని మన పెద్దత్త కూతురు ఇప్పటికే రెండుసార్లు నాకు ఫోను చేసింది. భోజనాల దగ్గర ఎవరో ఒకరు కదిపి తీరుతారు. "ఈ రోజు దాని చదువు రోజు, ఆ సంగతి తర్వాత" అని నువ్వే గట్టిగా అను. అమ్మాయి తన నోటితో ఆ మాట అనలేకపోతుంది, అంటే పొగరంటారు. తండ్రివి నువ్వంటే ఎవరూ ఏమీ అనరు. అలాగే "పీజీ ఎప్పుడు, సీటు వస్తుందా" అని కూడా అడగకు. ఆ పరీక్ష భయం దానికి రాత్రింబవళ్లు ఉన్నదే. పక్కింటి పిల్లకు బంగారు పతకం వచ్చిందా, దీనికి ఎందుకు రాలేదు అనే లెక్కలూ వద్దు. మా ఇంట్లో అలా అడిగి, వేడుక నుంచి వచ్చిన పిల్లవాడు అన్నం ముందు నుంచి లేచిపోవడం చూశాను.

బంగారం ఏదైనా పెట్టాలా అని అడిగావు. అప్పు చేసి వద్దు. దానికి ఒక మంచి స్టెతస్కోపు కొని, నీ చేతి మీదుగా ఇవ్వు. హౌస్ సర్జన్సీలో వాడినది అరిగిపోయిందని మొన్న నాతో అంది. ఏ రకమో నేను కనుక్కుంటాను, ఖరీదులో సగం నాది.

అమ్మను కూడా తీసుకురా. ఎండకు ఎందుకు అంటావు, కానీ మనవరాలు గౌనులో కనిపించడం అమ్మకు మళ్లీ దొరికే రోజు కాదు. లోపలికి పాసు లేకపోయినా పరవాలేదు. నేను, అమ్మ బయట చెట్టు నీడలో కుర్చీలు వేసుకుని కూర్చుంటాం, మైకు అక్కడికి వినిపిస్తుంది. క్యారియర్ తెస్తాను, ఓళిగలు కూడా. ఈసారి దాన్ని ముందే కింద పెడతాను.

బస్సు ఎక్కగానే ఫోను చెయ్యి. బళ్లారి చౌరస్తాలో దిగవద్దు, అమ్మతో అక్కడి నుంచి ఆటో కష్టం. నేరుగా బస్టాండుకు రండి, నేను అక్కడ ఉంటాను.

మీ అక్క